రొయ్యల చెరువులో ఐదు సెన్సర్లు, ఒకే బోర్డు: సరిగ్గా తెల్లవారుజామునే పవర్ పోతోంది

చెరువుగట్టు | జూలై 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర ఊరు. నాన్నగారికి మూడెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. నేను ఈసీఈ చదివాను. ఏడాదిగా ఆ చెరువు కోసమే ఒక బోర్డు చేస్తున్నాను, ఇది రెండో వెర్షన్. గట్టు మీద ఇనప స్తంభం, దానికి డబ్బా, డబ్బాలో బోర్డు, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే 7000 మిల్లీఆంప్ అవర్లు) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, పైన 20 వాట్ల సోలార్ ప్యానెల్. అక్కడి నుంచి పది మీటర్ల కేబుల్ మీద నీళ్ళలో తేలే డ్రమ్ము. డ్రమ్ముకి డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) కొలిచే ఆప్టికల్ ప్రోబ్ (12 వోల్టులు, ఆర్ఎస్485 అనే సీరియల్ లైన్), నీటి ఆమ్ల క్షార గుణం కొలిచే పీహెచ్ ప్రోబ్, నీటి వేడికి డీఎస్18బీ20. గట్టు మీద నీటి మట్టానికి అల్ట్రాసోనిక్ సెన్సర్, గాలి తేమకి ఎస్‌హెచ్‌టీ31. బుర్ర ఈఎస్‌పీ32 డెవ్ బోర్డు, కబురు పంపేది 2జీ మోడెమ్.

మొన్న మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున 3:20కి డీఓ 3.9 అని చివరి రీడింగ్ వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. నాన్నగారు 5 గంటలకి వెళ్ళి చూసేసరికి రొయ్యలు అంచుకొచ్చి తేలుతున్నాయి. ఆగి ఉన్న రెండు ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) కూడా వేసి, ఎలాగో గట్టెక్కించారు. బోర్డు ఏ గంట కోసం చేశానో ఆ గంటకే ఆగిపోయింది. రెండు రోజులుగా నాకు నిద్ర లేదు.

రెండో బాధ పీహెచ్. రంగుల కిట్‌తో చూస్తే 8.1 దగ్గర ఉంటుంది. బోర్డు 7.5 చూపిస్తుంది. డీఓ ప్రోబ్ కనెక్టర్ పీకితే వెంటనే 8.1కి వస్తుంది, మళ్ళీ పెడితే 7.5. పీహెచ్ ఆంప్లిఫయర్ డ్రమ్ములోనే ఉంది: ఎల్‌ఎంపీ7721 ఫాలోవర్, అంటే వచ్చిన వోల్టేజ్‌ని పెంచకుండా అలాగే ముందుకు పంపేది. ప్రోబ్ రిఫరెన్స్‌ని 1.65 వోల్టులకి ఎత్తాను. ఆ వోల్టేజ్‌ని అంకెగా మార్చే ఏడీఎస్1115 చిప్ ఏమో గట్టు మీద బోర్డులో ఉంది.

దయచేసి చూసి చెప్పండి. వచ్చే నెల మళ్ళీ బోర్డు వేయిస్తాను.


టంకం | జూలై 9, రాత్రి 11:02

తమ్ముడూ, ముందు నాన్నగారి చెరువు గట్టెక్కినందుకు సంతోషం.

బ్యాటరీ సంగతి ఊహించి చెప్పను. రేపు మల్టీమీటర్ తీసుకుని బ్యాటరీ ప్లస్ తీగ విప్పి, మధ్యలో మీటర్ పెట్టి, ఒక్కో సెన్సర్ పీకుతూ ఎంత తగ్గుతోందో రాయండి. 12ని 5 చేయడానికి, 5ని 3.3 చేయడానికి ఏ భాగాలు వాడారో కూడా చెప్పండి. ఇన్ని సెన్సర్లున్న బోర్డులో అసలు డిజైన్ అంతా పవర్‌లోనే ఉంటుంది. సెన్సర్ చదవడం లైబ్రరీ ఎవరైనా రాస్తారు.


చెరువుగట్టు | జూలై 10, సాయంత్రం 6:40

కొలిచాను అన్నా. మొత్తం 105 మిల్లీఆంప్‌లు, బ్యాటరీ వైపు. దాంట్లో డీఓ ప్రోబ్ ఒక్కటే 42. మిగతా 63 అంతా 12ని 5 చేసే ఎల్‌ఎం2596 మాడ్యూల్ వైపు పోతోంది (దాని తర్వాత 3.3కి ఏఎంఎస్1117). ఎవరినీ ఆపడం లేదు, అన్నీ 24 గంటలూ ఆన్‌లోనే ఉంటాయి. పది నిమిషాలకోసారి చదివి పంపుతాను.


టంకం | జూలై 10, రాత్రి 9:25

అయితే జవాబు ఆ అంకెలోనే ఉంది. 7000ని 105తో భాగిస్తే 66 గంటలు. అదీ కొత్త బ్యాటరీని అడుగంటా ఊడ్చేస్తే. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి దించితే ఆయుష్షు పడిపోతుంది కాబట్టి నేను 33 గంటలే లెక్కేస్తాను. ముసురులో ప్యానెల్ ఇచ్చిన కాస్త కరెంటే మిమ్మల్ని మూడో రోజు దాకా లాగింది. ఇంకో మాట, రాత్రంతా ఛార్జింగ్ ఉండదు కాబట్టి బ్యాటరీ అన్నిటికన్నా నీరసంగా ఉండేది సూర్యోదయానికి ముందే. నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చేసి డీఓ అడుగుకి దిగేది కూడా అప్పుడే. రెండూ ఒకే గంటకి వచ్చి కలుస్తాయి. మీకు జరిగింది యాదృచ్ఛికం కాదు, మళ్ళీ జరుగుతుంది.

ఎల్‌ఎం2596 పని లేనప్పుడు కూడా తనకోసం 5 మిల్లీఆంప్‌ల దాకా తాగుతుంది. ఏఎంఎస్1117 ఇంకో 5. మాడ్యూళ్ళ మీద వెలిగే ఎల్ఈడీలు ఒక్కొక్కటి ఒకటో రెండో. టేబుల్ మీద ఇవి కనిపించవు, అడాప్టర్ ఉంటుంది కదా. చెరువు గట్టు మీద ఇవే ప్రాణం తీస్తాయి.


నిద్రకరెంట్ | జూలై 10, రాత్రి 10:10

టంకం గారు చెప్పినదానికి ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) వైపు నుంచి కలుపుతాను. డీఓ 42 మిల్లీఆంప్‌లు నిరంతరం ఎందుకు? ప్రోబ్‌కి పవర్ ఇచ్చాక స్థిరపడటానికి 30 సెకన్లు అనుకుందాం. పదిహేను నిమిషాలకోసారి చదివితే, అంటే 900 సెకన్లకోసారి. 42ని 30తో గుణించి 900తో భాగిస్తే సగటు 1.4. అదే ప్రోబ్, అదే రీడింగ్, ముప్పయ్యో వంతు ఖర్చు.

అందుకని ప్రతి సెన్సర్‌కీ సొంత స్విచ్ ఉండాలి. అందరికీ కలిపి ఒకే స్విచ్ పెట్టకండి. పీహెచ్‌కి 10 సెకన్లు చాలు, డీఓకి 30 కావాలి, అల్ట్రాసోనిక్‌కి ఒక్క సెకను. అన్నిటినీ 30 సెకన్లు వెలిగించి ఉంచడం దేనికి? పైగా ఒకటి షార్ట్ అయితే మిగతావి బతకాలి. కేబుల్‌ని ఎలకో ఎండ్రకాయో కొరికిన రోజు ఆ ఒక్క లైన్ మాత్రమే పోవాలి. ఒక్కో లైన్‌కి చిన్న రీసెట్టబుల్ ఫ్యూజ్ పెట్టండి.

ఈఎస్‌పీ32 డెవ్ బోర్డుని పక్కన పెట్టండి. చిప్ డీప్ స్లీప్‌లో 10 మైక్రోఆంప్‌లే అయినా, ఆ బోర్డు మీది రెగ్యులేటరూ యూఎస్‌బీ చిప్పూ నిద్రపోవు. మీకు వైఫై అక్కర్లేదు కదా, ఎస్‌టీఎం32ఎల్0 తరహా చిప్ చాలు. దానికి మాత్రం ఎప్పుడూ కరెంట్ ఉండే చిన్న లైన్: హెచ్‌టీ7533 లాంటి రెగ్యులేటర్ 12 నుంచి నేరుగా 3.3 ఇస్తుంది, తనకోసం 2.5 మైక్రోఆంప్‌లే వాడుకుంటుంది. మిగతా ప్రపంచమంతా ఆ చిప్ మేల్కొలిపితేనే మేల్కోవాలి.


రాగిగీత | జూలై 11, ఉదయం 7:30

పీహెచ్ గురించి నేను చెబుతాను, ఇది లేఅవుట్ (బోర్డు మీద తీగలు, రాగి గీతలు ఎలా పోవాలో గీసే పని) మనుషుల బాధ.

చెరువుగట్టు గారూ, పది మీటర్ల కేబుల్‌లో డీఓకీ పీహెచ్‌కీ గ్రౌండ్ తీగ ఒకటేనా? 24 గేజ్ తీగ అయ్యుంటుందని అనుకుంటున్నాను. దాని నిరోధం మీటరుకి 0.084 ఓమ్‌లు. పది మీటర్లకి 0.84. దాంట్లోంచి డీఓ ప్రోబ్ వాడిన 42 మిల్లీఆంప్‌లు తిరిగొస్తున్నాయి. 0.84 ఇంటూ 42 అంటే 35 మిల్లీవోల్టులు. అంటే డ్రమ్ములో మీరు సున్నా అనుకుంటున్న గ్రౌండ్, గట్టు మీది గ్రౌండ్ కంటే 35 మిల్లీవోల్టులు పైన కూర్చుంది.

25 డిగ్రీల దగ్గర ఒక్క పీహెచ్‌కి 59 మిల్లీవోల్టులు. 35ని 59తో భాగించండి. 0.59. మీ 8.1 కాస్తా 7.5 అయింది ఇందుకే. ప్రోబ్ చెడిపోలేదు, కాలిబ్రేషన్ తప్పలేదు. తీగ అబద్ధం చెబుతోంది.

మందు మూడు రకాలుగా ఉంది. అన్నిటికన్నా చవకైనది: ముందు డీఓ ఆపి ఉంచి పీహెచ్ చదవండి, ఆ తర్వాత డీఓ వెలిగించండి. కరెంట్ ప్రవహించనప్పుడు తీగలో తేడా రాదు. రెండోది: డీఓ గ్రౌండ్‌కి వేరే తీగ. మూడోది, నాకు ఇష్టమైనది: ఏడీఎస్1115ని డిఫరెన్షియల్‌గా వాడండి. ప్రోబ్ రిఫరెన్స్‌కి ఇచ్చిన ఆ 1.65ని కూడా ఇంకో తీగ మీద గట్టు దాకా తీసుకొచ్చి, పీహెచ్ అవుట్‌పుట్‌కీ దానికీ మధ్య తేడా కొలవండి. డ్రమ్ము గ్రౌండ్ పైకి లేచినా కింద పడినా రెండు తీగలూ కలిసే లేస్తాయి, తేడా మారదు.

మీ చోట నేనుంటే మూడూ చేస్తాను. ఇంకొకటి చూడండి: డీఓ ప్రోబ్ లోహపు బాడీకీ దాని నల్ల తీగకీ మధ్య కంటిన్యూటీ (కరెంట్ పారే దారి) ఉందా? ఉంటే మీ 1.65 వోల్టుల రిఫరెన్స్ నుంచి నీళ్ళ గుండా ఆ బాడీలోకి కరెంట్ పారుతుంది, ఉప్పు నీళ్ళు కాబట్టి బాగానే పారుతుంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ మెల్లగా పాడైపోతుంది. అలా ఉంటే డీఓకి ఐసొలేటెడ్ పవర్ (బోర్డు గ్రౌండ్‌తో తీగ సంబంధం లేని సప్లై) తప్పదు.


చెరువుగట్టు | జూలై 11, మధ్యాహ్నం 1:15

రాగిగీత గారూ, గ్రౌండ్ తీగ ఒకటే. 24 గేజే. మీ మెసేజ్ చదివి చెరువు దగ్గరికి పరుగెత్తాను. మీటర్ ఒక కొస డ్రమ్ములో, ఒక కొస గట్టు మీద పెట్టి (పొడవాటి తీగ ఒకటి కట్టి) కొలిస్తే 36 మిల్లీవోల్టులు చూపించింది. చేతులు వణికాయి. ఆరు నెలలుగా ప్రోబ్‌నే తిట్టుకుంటున్నాను.

డీఓ బాడీకీ నల్ల తీగకీ కంటిన్యూటీ లేదు.


మేతబస్తా | జూలై 11, రాత్రి 8:50

నేను ఇంజనీర్‌ని కాదండీ, ఉండి అనే ఊరి దగ్గర రైతుని. మా అబ్బాయి ఈ పేజీ చూపించాడు. ఒక అనుమానం. మా చెరువులో కూడా ఇలాంటి పీహెచ్ మీటర్ పెట్టించాం. ఏరేటర్ వేస్తే అంకెలు గంతులేస్తాయి. ఒక్క మూడో నంబర్ ఏరేటర్‌కే అలా అవుతుంది, మిగతావాటికి కాదు. చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం) చూడటానికి నీళ్ళలో దిగినప్పుడు కాలు జివ్వుమంటుంది అని మా పనివాడు ఒకసారి అన్నాడు. మీటర్‌దే తప్పా?


టంకం | జూలై 11, రాత్రి 8:58

అన్నగారూ, దయచేసి ఇప్పుడే ఆ మూడో నంబర్ ఏరేటర్ మెయిన్ ఆపించండి. ఎవరినీ నీళ్ళలోకి దింపకండి. మీ మీటర్ తప్పు చెప్పడం లేదు. ఆ మోటార్ వైండింగ్ నుంచో, తడిసిన కేబుల్ జాయింట్ నుంచో కరెంట్ నీళ్ళలోకి లీక్ అవుతోంది. కాలు జివ్వుమందంటే మనిషి ప్రాణం మీదకి వచ్చినట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ మోటార్‌కి మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టించండి. ఏరేటర్ల లైన్‌కి 30 మిల్లీఆంప్‌ల ఎర్త్ లీకేజ్ బ్రేకర్ వేయించండి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. మోటార్ ఫ్రేములకి ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూపించండి.


మేతబస్తా | జూలై 12, మధ్యాహ్నం 12:20

ఆపించామండీ. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. గట్టు మీద కేబుల్ జాయింట్‌కి చుట్టిన టేపు ఊడి, వర్షానికి తడిసి నీళ్ళలోకి జారింది. కొత్త కేబుల్ వేస్తున్నాం. బ్రేకర్ కూడా తెప్పిస్తున్నాం. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మా పనివాడికి ఇద్దరు చిన్నపిల్లలు.


ఎండమండలం | జూలై 12, సాయంత్రం 5:45

పై రెండు మెసేజ్‌లు చదివి కాసేపు ఆగిపోయాను. ఈ థ్రెడ్‌లో ఇంకేం తేలకపోయినా ఇది చాలు.

నాది అనంతపురం వైపు. పదకొండేళ్ళుగా పొలాల్లో వాతావరణ సెన్సర్ల డబ్బాలు చూసుకుంటున్నాను. బోర్డు బాగుండి డబ్బా వల్ల పోయినవే నేను ఎక్కువ చూశాను.

చీమలు. డబ్బాలో వెచ్చగా ఉంటుంది, కేబుల్ గ్లాండ్ (డబ్బాలోకి కేబుల్ వచ్చే చోట బిగించే మూత) ఒక్కటి వదులుగా ఉంటే చాలు. ఒకసారి మూత తీస్తే బోర్డు కనపడలేదు, గుడ్లతో సహా పుట్ట. రిలే కాంటాక్టుల మధ్య చచ్చిన చీమలు. అప్పటి నుంచి వాడని ప్రతి గ్లాండ్‌కీ బిరడా వేస్తాను.

గాలి చొరని డబ్బా అని మురిసిపోకండి. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడినప్పుడు ఎక్కడో ఒక సందులోంచి తేమ గాలిని లోపలికి పీలుస్తుంది. లోపల మంచు పట్టినట్టు నీటి బొట్లు. అడుగున ఒక వెంట్ ప్లగ్ పెట్టండి, నీళ్ళు రానివ్వదు, గాలిని మాత్రం ఊపిరాడనిస్తుంది. కేబుళ్ళన్నీ డబ్బా అడుగు నుంచే రావాలి, వచ్చే ముందు కిందకి ఒక వంపు తిరగాలి. అప్పుడు వాన చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది.

మీది ఉప్పు గాలి కాబట్టి బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా వేసే పల్చటి పూత) తప్పనిసరి. కనెక్టర్ల లోపల, ఎస్‌హెచ్‌టీ31 మీద మాత్రం పడకుండా టేపు వేయండి. ఆ సెన్సర్ రంధ్రం మూసుకుపోతే ఇక తేమ చెప్పదు. స్క్రూ టెర్మినళ్ళు ఆరు నెలల్లో పచ్చబడతాయి, గుండ్రటి ఏవియేషన్ కనెక్టర్లు వాడండి.

లిథియం సెల్‌కి మారాలనుకుంటే ఒక్క మాట. మామూలు 4.2 వోల్టుల లిథియం అయాన్ సెల్‌ని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదని డేటాషీట్లే చెబుతాయి. ఎండలో డబ్బా లోపల అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ప్యానెల్‌నే గొడుగులా డబ్బా మీద నీడ పడేట్టు బిగించండి.

పిడుగులకి: ప్రతి పొడవాటి లైన్‌కీ టీవీఎస్ డయోడ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్‌ని అణిచేది), ఆర్ఎస్485కి అలాంటిదే ఎస్‌ఎం712. బోర్డు గ్రౌండ్‌ని ఎర్త్ రాడ్‌కి నేరుగా కలపకుండా మధ్యలో 90 వోల్టుల గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ పెట్టండి. మామూలు రోజుల్లో రెంటికీ సంబంధం ఉండదు కాబట్టి చెరువులో తిరిగే దొంగ కరెంట్లు మీ పీహెచ్‌లోకి రావు. పిడుగు పక్కన పడ్డప్పుడు మాత్రం దారి తెరుచుకుంటుంది. నేరుగా పడితే ఏదీ ఆపదు.


చెరువుగట్టు | జూలై 20, రాత్రి 11:30

అందరి మాటలూ పెట్టి కైక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) గీశాను. బొమ్మ జత చేశాను. ఎప్పుడూ ఉండే లైన్: హెచ్‌టీ7533, ఎస్‌టీఎం32ఎల్0. 12 వోల్టుల డీఓ లైన్‌కి స్విచ్‌గా ఏఓ3401 పీ ఛానల్ మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్). 5 వోల్టుల బక్ కన్వర్టర్‌కి (వోల్టేజ్ తగ్గించేది) ఆన్ ఆఫ్ చేసే ఎనేబుల్ పిన్ ఉంది, దాని తర్వాత అల్ట్రాసోనిక్‌కి టీపీఎస్22918 లోడ్ స్విచ్. పీహెచ్, ఎస్‌హెచ్‌టీ31, డీఎస్18బీ20లకి 3.3 మీద వేర్వేరు స్విచ్‌లు. మోడెమ్‌కి వేరే 4 వోల్టుల బక్. తప్పులు చూపించండి.


రాగిగీత | జూలై 21, ఉదయం 8:05

బాగా కష్టపడ్డారు. గ్రౌండ్ తీగలు విడగొట్టారు, 1.65ని వెనక్కి తెచ్చారు. చూడగానే సంతోషమేసింది. అయితే ఆర్డర్ ఇవ్వకుండా ఆగండి.

మాస్‌ఫెట్‌కి మూడు కాళ్ళు: కరెంట్ వచ్చే సోర్సు, బయటికి వెళ్ళే డ్రెయిన్, తెరిచి మూసే గేటు. ఏఓ3401 30 వోల్టుల భాగమే, కానీ అది డ్రెయిన్‌కి. గేటుకీ సోర్సుకీ మధ్య 12 వోల్టులే పరిమితి. మీ గేటుని ట్రాన్సిస్టర్ నేరుగా గ్రౌండ్‌కి లాగుతోంది. ఎండ బాగా కాసి బ్యాటరీ 14.4కి ఎక్కిన మొదటి మధ్యాహ్నమే గేటు ఆక్సైడ్ (గేటు లోపలి పల్చటి పొర) దెబ్బతినొచ్చు. టేబుల్ మీద 12 వోల్టుల సప్లైతో పరీక్షిస్తే అస్సలు బయటపడదు. గేటు దగ్గర రెండు సమాన రెసిస్టర్లతో సగం చేయండి, లేదా 20 వోల్టుల గేటు ఉన్న భాగం తీసుకోండి. గేటు సోర్సుల మధ్య చిన్న కెపాసిటర్ కూడా పెట్టండి, మెల్లగా తెరుచుకుంటుంది. ప్రోబ్‌లో ఉన్న పెద్ద కెపాసిటర్ ఒక్కసారిగా నిండబోయి మీ 12ని గుంజేయదు.

టీపీఎస్22918 5.5 వోల్టుల దాకానే. 5 మీద వాడారు, సరే. ఎవరైనా చూసి 12 మీద పెట్టకండి.

మోడెమ్ దగ్గర 100 మైక్రోఫారడ్ ఒక్కటే కనిపిస్తోంది. 2జీ మోడెమ్ పంపేటప్పుడు 4.6 మిల్లీసెకన్లకోసారి 577 మైక్రోసెకన్ల పాటు 2 ఆంప్‌ల దాకా గుంజుతుంది. మల్టీమీటర్‌కి సగటే కనిపిస్తుంది, ఈ గుంజుడు కనిపించదు. లోపలి నిరోధం తక్కువున్న 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ మోడెమ్ కాళ్ళకి ఆనుకుని పెట్టండి, బక్ నుంచి దానికి వెళ్ళే రాగిని గీతలా కాకుండా వెడల్పు పట్టీలా పోయండి.

డ్రమ్ములోని పీహెచ్ బోర్డు గురించి చివరిగా. గాజు ప్రోబ్ నిరోధం 100 మెగా ఓమ్‌లు అనుకుంటే, ఒక్క నానోఆంప్ లీకేజ్ 100 మిల్లీవోల్టుల తప్పు, అంటే పీహెచ్‌లో 1.7. ఒక వేలిముద్ర చాలు, సోల్డర్ చేశాక మిగిలిన ఫ్లక్స్ చాలు. ఇన్‌పుట్ చుట్టూ గార్డ్ రింగ్ వేసి దాన్ని ఫాలోవర్ అవుట్‌పుట్‌కి కలపండి. చుట్టూ, లోపల ఒకే వోల్టేజ్ ఉంటే లీక్ అవడానికి కారణమే ఉండదు. ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) రెండుసార్లు కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు కోటింగ్ వేయండి. తేమ మీద కోటింగ్ వేస్తే ఆ తేమని లోపల దాచిపెట్టినట్టే.


నిద్రకరెంట్ | జూలై 21, ఉదయం 10:40

ప్రతి లైన్‌లో ఒక జీరో ఓమ్ రెసిస్టర్, పక్కన టెస్ట్ పాయింట్ పెట్టండి. రేపు కరెంట్ ఎక్కడ పోతోందో వెతకాలంటే దాన్ని ఊడదీసి మీటర్ పెట్టుకోవచ్చు. ఆర్ఎస్485 లైన్ కొసన పెట్టిన 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టర్ తీసేయండి, పది మీటర్లకి 9600 స్పీడ్‌లో అవసరం లేదు, ఊరికే కరెంట్ తింటుంది. ఐటూసీ (సెన్సర్లు చిప్‌తో మాట్లాడే రెండు తీగలు) పుల్అప్ రెసిస్టర్లు ఎప్పుడూ ఉండే 3.3కి కాకుండా సెన్సర్ స్విచ్ తర్వాతి లైన్‌కే కట్టండి.


చెరువుగట్టు | ఆగస్టు 8, రాత్రి 9:15

బోర్డులు వచ్చాయి. సోల్డర్ చేశాను. అన్నీ పనిచేస్తున్నాయి, పీహెచ్ 8.2, కిట్‌తో కూడా 8.2! డీఓ ఆన్ ఆఫ్ చేసినా కదలడం లేదు.

కానీ నిద్రలో 2.3 మిల్లీఆంప్‌లు ఉంది. మైక్రోఆంప్‌లు ఉండాలి కదా. ఒక వింత చూశాను: మోడెమ్ లైన్ ఆఫ్ చేశాక కూడా దాని పవర్ పిన్ మీద 2.1 వోల్టులు ఉంది. సున్నా కావడం లేదు. స్విచ్ పోయిందా?


నిద్రకరెంట్ | ఆగస్టు 8, రాత్రి 9:32

స్విచ్ బాగానే ఉంది. కరెంట్ దొడ్డిదారిన వెళ్తోంది. సీరియల్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు మీ చిప్ డేటా పంపే టీఎక్స్ పిన్ హైగానే ఉంటుంది, అంటే 3.3 వోల్టులు. మోడెమ్ ముందు తలుపు మూశారు, కానీ మీ టీఎక్స్ పిన్ నుంచి కరెంట్ మోడెమ్ డేటా అందుకునే ఆర్ఎక్స్ పిన్‌లోకి వెళ్ళి, లోపలి రక్షణ డయోడ్ గుండా దాని పవర్ లైన్‌లోకి ఎక్కుతోంది. 2.1 దగ్గర మోడెమ్ చావదు, బతకదు. ఒక్కోసారి మళ్ళీ ఆన్ చేసినా లేవదు, ఎందుకంటే అది పూర్తిగా రీసెట్ కానే లేదు.

పవర్ తీసే ముందు ఆ లైన్‌కి వెళ్ళే ప్రతి పిన్‌నీ లో (సున్నా వోల్టులు) చేయండి లేదా అనలాగ్ ఇన్‌పుట్‌గా మార్చండి. టీఎక్స్, డీటీఆర్, ఆర్ఎస్485 చిప్ ఎనేబుల్, అన్నీ. లేపేటప్పుడు ముందు పవర్, తర్వాత పిన్‌లు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త: మీటర్‌ని మైక్రోఆంప్ రేంజ్‌లో పెట్టి బోర్డు ఆన్ చేయకండి. ఆ రేంజ్‌లో మీటర్ లోపలి నిరోధం ఎక్కువ, బోర్డు మేల్కొనే సమయంలో వోల్టేజ్ పడిపోయి రీసెట్ అవుతూనే ఉంటుంది. మీటర్‌కి సమాంతరంగా ఒక స్విచ్ పెట్టి, మూసి ఉంచి ఆన్ చేయండి, నిద్రపోయాక తెరవండి.


చెరువుగట్టు | ఆగస్టు 10, రాత్రి 8:00

పిన్‌లన్నీ లో చేశాను. 2.1 వోల్టులు సున్నా అయింది. నిద్ర కరెంట్ 41 మైక్రోఆంప్‌లు. మా అమ్మని పిలిచి మీటర్ చూపించాను. ఆమెకి అంకె తెలియకపోయినా నా మొహం చూసి స్వీట్ చేసింది.

కానీ గట్టు మీద బిగించాక బ్యాటరీ దగ్గర కొలిస్తే 9 మిల్లీఆంప్‌లు! బోర్డు పూర్తిగా పీకేసినా 9 అలాగే ఉంది.


టంకం | ఆగస్టు 10, రాత్రి 8:45

డిస్‌ప్లే ఉన్న చవక సోలార్ కంట్రోలర్ వాడారా? అది తనకోసం పది మిల్లీఆంప్‌ల దాకా తాగుతుంది, రాత్రి కూడా. మీ బోర్డు సగటు ఇప్పుడు ఎంత?


చెరువుగట్టు | ఆగస్టు 10, రాత్రి 9:05

అవునన్నా, అదే. బోర్డు సగటు 4.7. పగలూ ముందు రాత్రీ పదిహేను నిమిషాలకోసారి, తెల్లవారుజామున 2 నుంచి 6 దాకా ఐదు నిమిషాలకోసారి చదివేలా పెట్టాను. అసలు గండం ఆ నాలుగు గంటలే కదా.


టంకం | ఆగస్టు 10, రాత్రి 9:20

ఆ టైమింగ్ చాలా మంచి ఆలోచన. కంట్రోలర్‌తో కలిపి 13.7. సగం బ్యాటరీ, అంటే 3500ని దాంతో భాగిస్తే 255 గంటలు. ఎండ అసలు లేకపోయినా పది రోజులు. 33 గంటల నుంచి పది రోజులకి వచ్చారు. ఈ సీజన్‌కి అలాగే వదిలేయండి, పని చేస్తున్నదాన్ని కదపకండి. తర్వాతి బోర్డులో లెడ్ యాసిడ్ ఛార్జింగ్ ఐసీని బోర్డు మీదే పెట్టి కంట్రోలర్ తీసేయండి, నెల రోజులు వస్తుంది.

ఒకటి మాత్రం ఇప్పుడే చేయండి. 11.5 వోల్టులకి పడితే మోడెమ్ ఆపేయాలి, మళ్ళీ 12.5 దాటాకే వేయాలి. రెండూ ఒకే అంకె పెడితే మోడెమ్ ఆపగానే బ్యాటరీ కాస్త తేరుకుంటుంది, వేయగానే పడిపోతుంది, పొద్దున్నదాకా ఆ గిలగిల ఆగదు. ఇంకా, ఆపే ముందు 'బ్యాటరీ తగ్గింది, చెరువు చూసుకోండి' అని నాన్నగారికి ఒక ఎస్ఎంఎస్ పోవాలి. చెప్పకుండా ఆగిపోయే యంత్రాన్ని నమ్ముకోవడం అన్నిటికన్నా ప్రమాదం.


చెరువుగట్టు | సెప్టెంబర్ 3, ఉదయం 6:50

నాలుగు రోజులుగా వాయుగుండం వాన. ఎండ మొహం చూడలేదు. ఇవాళ ఉదయం బ్యాటరీ 12.4. నిన్న రాత్రి 3:05కి డీఓ 3.6 అని మెసేజ్ వస్తే నాన్నగారు నన్ను లేపకుండా తనే టార్చిలైట్ తీసుకుని వెళ్ళి ఏరేటర్లు వేసొచ్చారు. 3:40కి 4.3కి పెరిగింది. నేను పొద్దున లేచి లాగ్ చూస్తే తెలిసింది.

స్కీమాటిక్, గెర్బర్ ఫైళ్ళు (బోర్డు తయారు చేయించడానికి ఇచ్చేవి) జత చేస్తున్నాను. ఎవరైనా వాడుకోవచ్చు. డీఓ మాస్‌ఫెట్ దగ్గర రాగిగీత గారు చెప్పిన రెండు రెసిస్టర్లూ ఉన్నాయి, తీసేయకండి.


మేతబస్తా | సెప్టెంబర్ 3, ఉదయం 9:30

బాబూ, మాకూ ఒకటి చేసి పెట్టగలవా? ఖర్చు ఎంతైనా ఇస్తాను. ఒక్క మాట, ఆ డీఓ ప్రోబ్‌కి పాచి పట్టదా? మా పాతదానికి వారంలో జిగురులా పట్టేసేది.


చెరువుగట్టు | సెప్టెంబర్ 3, ఉదయం 10:05

పడుతుందండీ బాబాయ్. ఐదు రోజులకోసారి మెత్తటి తడి గుడ్డతో మూతి తుడుస్తాను, గోరు తగలనివ్వను, బ్రష్ అస్సలు పెట్టను. ఆదివారం మీ ఉండి ఊరికి వస్తాను, చెరువు చూసి కేబుల్ ఎన్ని మీటర్లు కావాలో కొలుద్దాం. ఈసారి తీగ 20 గేజ్ (24 కంటే లావుది) తెస్తాను.